వడియాల ఎండ

"హోలికి ముందటి సంది మొత్తుకుంటున్న అత్తమ్మా. ఎండ మంచిగున్నప్పుడే పెడదామంటే వింటివా?"

"పాత జొన్నలతోటి పెడ్తరా ఎవరన్న? కొత్త జొన్నలు ఇంటికి వచ్చిందే మొన్న."

"పాతవేందో కొత్తవేందో నీ మనవరాలికి ఎర్కనా? వడియాలైతే చాలు దానికి."

"దానికి ఎర్క లేకుంటే నాకు ఎర్క లేదా?"

ఇట్ల నేనూ మా కోడలూ మిద్దె మీద, మబ్బు కింద నిలబడి కొట్లాడుతున్నం. ఇద్దరి నడుమ మంచం, మంచం మీద నా పాత నూలు చీర, చీర నిండ జొన్న వడియాలు. పొద్దుగాల పెట్టినవి. పగటి దాకా ఎండ బాగనే కాసింది. అన్నం తిని లేచేసరికి మబ్బు పట్టింది. వడియాలు పైన ఆరినట్టే ఉన్నయి గని, వేలు పెట్టి వత్తితే లోపల మెత్తగ దిగుతున్నది.

తెల్లారితే మా మనవరాలు బయలెల్లాలె. మొన్న చలికాలంల పెండ్లయిన పిల్ల. దాని పెనిమిటి రాజస్థాన్ ఎడారిల ఎండతోటి కరెంటు చేసే పలకలు బిగించే పని చేస్తడు. ముందుగాల పోయి ఒక అర్ర కిరాయికి తీసుకున్నడు. ఇప్పుడు ఇది మొదటిసారి కాపురానికి పోతున్నది. మా ఇండ్లల్ల కొత్త కాపురానికి పోయే పిల్ల వెంట తల్లిగారింటి జొన్న వడియాలు పోవాలె, అవి గూడ ఆ ఏటి కొత్త జొన్నలవే అయి ఉండాలె. మా అమ్మ నాకు గట్లనే కట్టిచ్చింది. నేను నా బిడ్డకు గట్లనే కట్టిచ్చిన. మనవరాలు ఖాళీ చేతులతోటి పోతదేమోనని కోడలికి గుబులు. పద్ధతి తప్పుతదేమోనని నాకు గుబులు. ఇద్దరి గుబులు ఒక్కటే అయినా, కొట్లాట మాత్రం ఆగలేదు.

"ఇంట్ల ఫ్యాన్ కింద పెడ్దాం," అన్నది కోడలు. "తెల్లార్లు తిరిగితే ఆరుతయి."

"తెల్లార్లు ఫ్యానా? మనుషులకే వేసుకుంటలేము, వడియాలకు వేస్తమా?"

"మనుషులకు వేసుకోనిస్తున్నదెవరు?"

అప్పుడే మనవరాలు ఫోన్ పట్టుకొని మెట్లెక్కి వచ్చింది. దానికి సంచి సర్దుకునే కంటె ఫోన్ చూసుడే ఎక్కువ.

"బాపమ్మా, ఈ ఎండకాలం మొదట్ల ఎక్కడెక్కడ ఎట్లుంటదో చెప్తున్నరు. చదవాల్నా?"

"చదువు. పైసలైతే తీసుకోరు కద."

"సముద్రం ఒడ్డు ఊర్లల్ల ఉక్కపోత, సాయంత్రం ఉరుముల వాన."

"ఉక్కపోతల వడియం బూజు పడ్తది. వాళ్లు ఎట్ల బతుకుతున్నరో ఏమో."

"కొండ ఊర్లల్ల ఇంక మంచు పడుతున్నదంట."

"మంచుల అయితే బట్టనే ఆరదు."

"ఎడారిల ఆకాశం సాఫ్. పొద్దంత ఎండ, పొడి గాలి."

అసొంటి ఎండ ఒక్క దినం మా మిద్దె మీద కాస్తే చాలు అనుకున్న. "మరి మన దిక్కు ఎట్లుంటదంట?" అని అడిగిన.

"మన ముచ్చటే లేదు బాపమ్మా. మనకు సముద్రం లేదు, మంచు కొండ లేదు, ఎడారి లేదు."

"మన ఎండిపోయిన బోరు చూసి పొమ్మను," అన్నది కోడలు. "ఎడారిలనే రాసుకుంటరు."

నాకు నవ్వొచ్చింది గని బయట పడలేదు. కొట్లాట నడుమ నవ్వితే మాటకు బరువుండదు.

ఇంతల గాలి లేచింది. కింద తలుపులు టపటప కొట్టుకున్నయి. ఎవరింటిదో ఖాళీ డబ్బా గల్లీల దొర్లుకుంట పోయింది. చీర కొసలు లేచి వడియాల మీద పడబోతుంటే, ముగ్గురం మూడు దిక్కుల పట్టుకొని మంచంతోటి సహా కిందికి దించినం. ఇంట్ల పెట్టి కోడలు ఫ్యాన్ బటన్ వత్తింది. నేను వద్దనేటంతలనే కరెంటు పోయింది. ఫ్యాన్ మీద నోరు పారేసుకునే పని ఇద్దరికీ తప్పింది.

"ఇగ ఊడదీద్దాం," అన్నది కోడలు. "ఎట్లొస్తే అట్ల డబ్బల పోస్త."

"నిండ ఆరంది ఊడదీస్తే చేతికి పిండి వస్తది, వడియం రాదు." ఇది కోడలికి తెల్వని ముచ్చట కాదు. నిండ ఆరినంక చీర వెనుక నుంచి నీళ్లు చల్లితే వడియం అలకగ ఊడుతది. పచ్చిది చీరను ఇడిసిపెట్టదు. కోడలు కొంగుతోటి కండ్లు ఒత్తుకున్నది. బిడ్డను ఉత్త చేతులతోటి పంపుడైతున్నదని దాని బాధ. నేను గోడ దిక్కు చూసుకుంట నిలబడ్డ.

మనవరాలు మంచం కాడ కూసొని అన్నది, "ఊడదీసుడెందుకు? చీరతోటే చుట్టియ్యండి. రైల్ల కిటికి కాడ పరుస్త. అక్కడికి పోయినంక మిద్దె మీద ఏస్త. ఫోన్ల చెప్పిన్రు కద, అక్కడ పొద్దంత ఎండేనని."

"రైల్ల వడియాలు ఆరేస్తే జనం నవ్వరా?" అన్నది కోడలు.

"నవ్వితే తలా ఒకటి పెడ్త."

కోడలు నా దిక్కు చూసింది. నేను చీర దిక్కు చూసిన. ఆ చీర కట్టి కట్టి మెత్తగయింది. నడుమ చినిగితే కొసలు కలిపి కుట్టిన. ఇంక కట్టరాకుండా అయినంక వడియాలకు పెట్టిన. అది పీలికలైనంక దీపం ఒత్తులకు పనికొస్తదని లెక్క. మా ఇంట్ల బట్ట ఊరికె బయటికి పోదు.

"చీర మళ్ల ఎప్పుడొస్తది?" అన్న.

"దసరకు తెస్త బాపమ్మా."

"ఉతికి తేవాలె."

"ఉతికే తెస్త."

"అంచు చింపొద్దు."

"చింప."

"అయితే కొంగు దిక్కు నుంచి చుట్టు. గట్టిగ చుట్టకు, వడియాలు పలుగుతయి."

ముగ్గురం కలిసి చుట్టినం. వడియాలు ఒకదానికొకటి అంటకుండ నడుమ నడుమ పాత పేపర్లు పెట్టినం. పేపర్లు గూడ మళ్ల తెమ్మందామనుకున్న గని, కోడలు ముఖం చూసి ఊకున్న.

తెల్లారి మొదటి బస్సుకు పోయినం. రైలెక్కియ్యనీకి హైదరాబాద్ దాకా తోడు మా కొడుకు ఎక్కిండు. సంచులన్ని వాడు పైన పెట్టిండు. చీర చుట్ట మాత్రం మనవరాలు ఎవరికి ఇయ్యలేదు, ఒళ్లె పెట్టుకొని కిటికి కాడ కూసున్నది. బస్సు డిపో దాటి పోయింది. నేనూ కోడలూ నడుచుకుంట వాపసొచ్చినం. సగం తొవ్వలనే మబ్బు విచ్చుకొని ఎండ పొడిచింది. కోడలు నా దిక్కు చూసింది. ఇంటికొచ్చి మంచాన్ని తుడిచి గోడకు నిలబెట్టినం.