మిసైళ్ల సాల్మన్

యలహంకలో సాల్మన్ గారు వాయుసేనలో పనిచేసి రిటైరైన మనిషి. సర్వీసంతా రేషన్ గోదాములోనే గడిచింది. పిండి, పప్పు, ఉల్లిపాయలు, డీజిలు ఏ లారీలో ఎక్కడికి చేరాలో చూసేవారు. ఆ పని చెప్పుకోవడం ఆయనకు చిన్నతనం. మీసం మాత్రం పైలట్ మీసం.

సరిహద్దులో కాల్పులు మొదలవగానే ఒక తెలుగు యూట్యూబ్ చానెల్ ఆయన్ని యుద్ధ నిపుణుడిగా కూర్చోబెట్టింది.

"సార్, మనం ఎలా గెలుస్తాం?" అన్నాడు యాంకర్ అభిజిత్.

సాల్మన్ నోరు జారి నిజం చెప్పేశారు. "ఖజానాలో దుడ్డుండాల. ఫ్యాక్టరీలు ఆగకూడదు. బండ్లకు డీజిలు అందాల. కడుపు కాలేవాడు తుపాకి ఎత్తలేడప్పా."

అభిజిత్ ముఖం మాడిపోయింది. గబగబా బ్రేక్ ఇచ్చి, "సార్, చూసేవాళ్లు వెళ్లిపోతున్నారు. కొంచెం మిసైళ్ల వైపు రండి" అని బతిమాలాడు.

బ్రేక్ అవగానే సాల్మన్ బల్ల గుద్దారు. "తెల్లారేసరికి వాళ్ల రాజధానిలో టిఫిన్ చేస్తాం!"

ఆ వీడియో లక్షమంది చూశారు.

"ఆ టిఫిన్ ఎవరు మోసుకపోతారంట?" అని అడిగింది ఇంట్లో భార్య శాంతి.

"నీకు తెలీదులే. అది స్ట్రాటజీ."

కొన్నాళ్లకు కాల్పులు ఆగాయి గానీ ఆయన కీర్తి ఆగలేదు. కాలనీవాళ్లు సన్మానం తలపెట్టారు. సంఘం కార్యదర్శి వెంకటేశప్ప వచ్చి, "మూడొందల మందికి ఊట వండించి పెట్టాల. మీకు అనుభవం ఉండాది కదా, సామాను, బండి మీరే చూసుకుంటే..." అని నసిగాడు.

"నన్ను వంటవాణ్ణి అనుకుంటివా?" అని గర్జించారు సాల్మన్. వెంకటేశప్ప నాలుక కరుచుకుని, ఆ పని ఫోనులో కనబడిన ఎవరో కేటరర్‌కు అప్పగించాడు.

సన్మానం రోజు భోజనాల బండి హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. వేదిక మీద సాల్మన్ ఒక్కో నగరాన్నీ పట్టుకుంటూ పోతున్నారు. రెండో నగరం పడేసరికి పిల్లల తల్లులు లేచారు. నాలుగోది లొంగిపోయేసరికి వెనక వరసలు ఖాళీ. చివరికి వెంకటేశప్ప ఒక్కడే మిగిలాడు. మైకు అద్దెకు తెచ్చింది అతనే మరి.

శాంతి వేదిక దగ్గరికొచ్చి, "ఇంట్లో చిత్రాన్నం ఉండాది. వస్తారా, ఇంకా ఎవరినన్నా ఓడించేది ఉండాదా?" అంది.

సాల్మన్ శాలువా మడిచి చంకన పెట్టుకుని కిందికి దిగారు. వెంకటేశప్పను కూడా వెంటబెట్టుకుని వెళ్లి ముగ్గురూ తిన్నారు.

మర్నాడు చానెల్‌లో మాత్రం, సభకు ఇసకేస్తే రాలనంత జనం వచ్చారని చెప్పారాయన.