జట్కా గుర్రానికి కటింగు మిషను

జమ్మలమడుగు పశువుల ఆసుపత్రిలో నేను కాంపౌండరుగా చేరిన మొదటి చలికాలం అది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా ఎన్నాళ్లో కాలేదు. బస్సులు తిరగని పల్లెలకు పోవాలంటే జట్కాలే దిక్కు.

ఒకరోజు పొద్దున యాభై దాటిన జట్కా సాయిబు ఒకాయన బండి కట్టకుండా గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చాడు. దాని మెడ కింద, డొక్కల మీద వెంట్రుకలు ఊడి, చర్మం పొట్టు లేస్తోంది. గజ్జి. చలికి బొచ్చు దట్టంగా పెరిగి ఉంది కాబట్టి ఎంత మందు పూసినా చర్మానికి దిగదు. ముందు ఒళ్లంతా పొట్టిగా కత్తిరించి, తర్వాత గంధకం కలిపిన నూనె పట్టించమన్నారు డాక్టరుగారు.

ఆసుపత్రిలో ఉన్న బొచ్చు కత్తిరించే మిషను పళ్లు విరిగి మూలన పడి ఉంది. కొత్తది తానే కొంటానన్నాడు సాయిబు. ఏది మంచిదో తనకు తెలియదనీ, తోడు రమ్మనీ నన్ను అడిగాడు. నిజానికి నాకూ తెలియదు. చదువుకునేటప్పుడు పుస్తకంలో బొమ్మ చూశాను, అంతే. ఆ మాట మాత్రం ఆయనతో అనలేదు.

ఆదివారం ఇద్దరం ప్రొద్దుటూరు పోయాం. ఇనుప సామాన్ల అంగడిలో మూడు రకాలు చూపించారు. మొదటిది మనుషుల తలకు వాడే సన్నపళ్లది. గుర్రం బొచ్చులో అది ఇట్టే ఇరుక్కుపోతుంది. రెండోది కూడా ఒంటిచేత్తో ఆడించేదే, కానీ పళ్లు కాస్త వెడల్పు. మూడోది పెద్దది. రెండు పొడుగాటి పిడులు ఉంటాయి, రెండు చేతులతో మూస్తూ తెరుస్తూ ఉండాలి. పుస్తకంలోని బొమ్మ దానిదే.

సాయిబు రెండోదాన్ని కాసేపు ఆడించి చూసి, "ఇది సాలదా సారూ?" అన్నాడు.

పెద్దదైతే ఒక్క పూటలో పని తెములుతుందని గట్టిగా చెప్పాను. ఆయన నా మాట మీద పెద్దదే కట్టించుకున్నాడు.

మరునాడు సాయంత్రం వాళ్లింటికి పోయాను. బండి తిరగబడినప్పుడు దెబ్బ తగిలి సాయిబు కుడి భుజం పైకి లేవదనీ, గుర్రానికి మేత, మాలీషు అన్నీ చూసేది ఆయన భార్యేననీ అప్పుడు తెలిసింది నాకు. మిషను పట్టుకున్నది ఆమే. దాని చప్పుడు వినగానే గుర్రం చెవులు వెనక్కి పెట్టింది. ఆమె ఎడమచెయ్యి మెడ మీద వేస్తే నిలబడింది. రెండో పిడి పట్టుకోవడానికి ఆ చెయ్యి తీస్తే మళ్లీ కదిలింది. నేను చెయ్యి వేయబోతే పరాయి చెయ్యికి ఇంకా బెదిరింది. సాయిబు చెయ్యి పడితే బండి లాగాలనుకుని ముందుకు అడుగేసింది. అలా జరుగుతుండగానే మిషను పళ్లు చర్మాన్ని పట్టేశాయి. గుర్రం ఒక్కసారిగా పక్కకు ఒరిగి ఆమెను గోడకు నొక్కింది.

ఆమె మోచెయ్యి గీరుకుపోయింది. గుర్రం డొక్క మీద సన్నగా నెత్తురు కారింది. ఆమె తన చెయ్యి చూసుకోలేదు. గుర్రం గాయాన్ని కొంగుతో అద్ది నా వైపు తిరిగింది.

"రెండు చేతులూ మిషనుకే ఇస్తే, దాని మింద చెయ్యి యాడ పెట్టేది అప్పా?"

నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. అందుకే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"నాకు తెల్సన్నట్టు చెప్పినా అత్తా. నేనెప్పుడూ గుర్రానికి కత్తిరించిందే లేదు" అన్నాను.

ఆమె మిషను పక్కన పెట్టి, "ఆ మాట ముందే చెప్పుంటే నేనూ వస్తా ఉంటి గదా" అంది.

తర్వాతి ఆదివారం ముగ్గురం పోయాం. ఒకసారి వాడినదాన్ని మార్చనని అంగడాయన సణిగాడు. తప్పు నాదేనని చెప్పి ఒప్పించాను. ఆయన మిషన్లు తెచ్చి సాయిబు ముందు పెడితే, సాయిబు వాటిని భార్య వైపు జరిపాడు. ఆమె ఒంటిచేతి మిషన్లే మూడు తీయించింది. బురఖాలో నుంచి చెయ్యి చాపి ఒక్కొక్కటీ ఆడించి, చెవి దగ్గర పెట్టుకుని వింది. ఒకదాని స్ప్రింగు బిగుసుగా ఉందంది. ఇంకోటి చప్పుడెక్కువంది. మూడోది ఉంచుకుంది.

కత్తిరించడానికి నాలుగు రోజులు పట్టింది. ఆమె ఎడమచెయ్యి మెడ మీద నుంచి వీపుకు, వీపు నుంచి తొడకు జరుగుతుంటే, దాని వెనకాలే మిషను నడిచింది. నేను పక్కన నూనె గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఎండలు ముదిరేసరికి నిగనిగలాడే కొత్త బొచ్చు వచ్చింది, బండి మళ్లీ కట్టారు.

కొన్నేళ్లకు నాకు పులివెందుల బదిలీ అయింది. అక్కడికి సింహాద్రిపురం వైపు నుంచి ఒక ఆసామి వచ్చి, తమ గుర్రానికి ఎట్లాంటి మిషను కొనాలని అడిగాడు. కత్తిరించేదెవరని అడిగాను. "మనిషుండాడులే" అన్నాడు. ఆ మనిషిని తోడుకొని రమ్మన్నాను. ఆసామి వింతగా చూశాడు గానీ, మరుసటి వారం తీసుకొచ్చాడు.

తల నెరిసిన మనిషి. గడప బయటే నిలబడ్డాడు. లోపలికి పిలిచి ఆసుపత్రి మిషను చేతికిస్తే, ముందు ఆసామి ముఖం చూసి, తర్వాత పట్టుకున్నాడు. రెండుసార్లు ఆడించి, "శానా బరువుంది" అన్నాడు మెల్లగా.

మరి ఎట్లాంటిది కావాలని ఆసామే అడిగాడు అతన్ని. ఆ ప్రశ్న తననేనని నమ్మడానికి అతనికి కొంతసేపు పట్టింది.