మిల్లు మోతలో పాటలు విన్న చెవులు

ఆ రోజు మధ్యాహ్నం మిల్లులో కరెంటు పోయింది. హాలు పొడవునా వరసగా ఉన్న జిన్ను మిషన్లన్నీ మూలుగుతూ ఒక్కొక్కటే ఆగిపోయాయి. పత్తిలోంచి గింజను వేరు చేసే మిషన్లు అవి. అవి ఆగినప్పుడు వచ్చే నిశ్శబ్దం మాకు పండగ లాంటిది. ఆడవాళ్ళు ముక్కుకి కట్టుకున్న గుడ్డలు విప్పుకుని కబుర్లలో పడతారు. ఆ రోజూ అలాగే పడ్డారు. నాకు మాత్రం మోత ఆగలేదు. అది మిషన్ల మోత కాదు. ఎవరో దూరంగా ఆపకుండా ఈల వేస్తున్నట్టు రెండు చెవుల్లోనూ సన్నగా ఒకటే శబ్దం. ఫోన్లో పాటేదో ఇరుక్కుపోయిందనుకుని ఇయర్‌ఫోన్లు పీకేశాను. ఆగలేదు. ఫోన్ స్విచ్చాఫ్ చేశాను. అయినా ఆగలేదు.

నేను నందిగామ దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో ఫిట్టర్ని. ఇల్లు జగ్గయ్యపేట. రోజూ బస్సులో వెళ్ళొస్తాను. ఫిట్టరుకి చేతిలో పానా ఎంత ముఖ్యమో చెవి అంత ముఖ్యం. బేరింగు పాడవబోయే ముందు సన్నగా కీచుమంటుంది. అది వినపడగానే మిషన్ ఆపితే కాస్త గ్రీజుతోనో కొత్త బేరింగుతోనో పోతుంది. వినపడకపోతే బేరింగు కాలిపోయి నిప్పులా అవుతుంది. చుట్టూ ఉండేదంతా దూది. ఆ తర్వాత జరిగేది చెప్పక్కర్లేదు. కీచు పట్టడంలో నాకు మంచి పేరుండేది. పేరుతో పాటు కొంచెం పొగరు కూడా ఉండేది, దాచుకోవడమెందుకు.

మా మిల్లులో పాతవాళ్ళు చెవుల్లో దూది కుక్కుకుంటారు. మాకు దూదికి కరువా మరి. నాకు పని నేర్పిన మా పెద్ద ఫిట్టరు మస్తాన్ బాబాయ్ చెవుల్లో ఎప్పుడు చూసినా తెల్లటి ఉండలు కనపడుతుండేవి. నాకవి చూస్తే నవ్వొచ్చేది. నా దగ్గర ఫోనుంది, అందులో కావలసినన్ని పాటలున్నాయి, చెవి రంధ్రంలో బిగుతుగా కూర్చునే రబ్బరు బుడిపెల ఇయర్‌ఫోన్లున్నాయి. అవి పెట్టుకుంటే మిల్లు మోత చెవిలోకి రాదనీ, పాట ఒక్కటే వస్తుందనీ నా నమ్మకం. దూది కంటే మంచి కాపలా పెట్టుకున్నానని అందరికీ చెప్పేవాణ్ణి. మోత మరీ ఎక్కువైనప్పుడు వాల్యూమ్ పెంచేవాణ్ణి. ఇలా పెంచితే చెవికి మంచిది కాదని ఫోను ఒక హెచ్చరిక చూపిస్తుంది కదా, దాన్ని బొటనవేలితో తోసేసేవాణ్ణి. బస్సులో హైవే మీద లారీల హోరుకి ఇంకాస్త పెంచేవాణ్ణి. పొద్దున బస్సెక్కిన దగ్గర్నుంచి సాయంత్రం బస్సు దిగేదాకా పాటలే.

చెవుల్లో ఈల మొదలైతే ఎవరైనా ఏం చేస్తారు? డాక్టరు దగ్గరికి వెళ్తారు. నేను సెల్ షాపుకి వెళ్ళాను. ఎందుకంటే అప్పటికే కొన్ని నెలలుగా పాటలు మబ్బు పట్టినట్టు వినపడుతున్నాయి. డోలు బాగానే వినపడేది, చిడతలూ వేణువూ మాత్రం ఎక్కడికో పోయాయి. లోపం ఫోనుదేనని తీర్మానించేశాను. షాపతను ఇయర్‌ఫోన్ల జాలీ మీద దుమ్ము దులిపి, కొత్త ఇయర్‌ఫోన్లు ఇచ్చి, సెట్టింగుల్లోకి వెళ్ళి సన్నటి శబ్దాలు పెంచే ట్రెబుల్ పైకి జరపడం నేర్పాడు. చిడతలు తిరిగొచ్చాయి. నా ప్రాణం లేచొచ్చింది. చెవికి చేయించాల్సిన వైద్యం ఫోనుకి చేయించుకుని హాయిగా ఇంటికొచ్చాను.

ఇంట్లో పరిస్థితి వేరు. నా భార్య సునీత ప్రైవేటు స్కూల్లో టీచరు. టీవీ సౌండు తగ్గించమని ఆమె, ఏమీ వినపడటం లేదని నేను. మా పాప అప్పుడు ఎల్‌కేజీ. దాని గొంతు సన్నం. అది వెనక నుంచి పిలిస్తే నేను పలికేవాణ్ణి కాను. కొన్నాళ్ళకి పిలవడం మానేసి చొక్కా పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. ముద్దుగా ఉందనుకున్నాను. ఎందుకలా లాగుతోందో ఆలోచించలేదు. సునీత ఆలోచించింది. చెవుల డాక్టరుకి చూపించుకోమని నెత్తీ నోరూ కొట్టుకుంది. సీజన్ అయ్యాక చూద్దామన్నాను.

సీజన్ అయ్యేదాకా చెవులు ఆగలేదు. ఒక రోజు మధ్య వరసలో మిషన్‌కి రోలరు సరిచేసి దాని పక్కనే నిలబడి ఉన్నాను. ఉన్నట్టుండి మస్తాన్ బాబాయ్ హాలు అవతలి నుంచి పరుగెత్తుకొచ్చి నన్ను పక్కకి నెట్టి స్విచ్చు ఆపాడు. చూస్తే నా వెనక మిషన్ బేరింగు దగ్గర దూది నల్లబడి పొగ లేస్తోంది. ఇసుక బకెట్లు తెచ్చి కుమ్మరించాం. మంట లేవలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ బేరింగు చాలాసేపటి నుంచి కీచుమంటూ ఉందని అక్కడ దూది ఎత్తే ఆడవాళ్ళు చెప్పారు. నాకు సైగ చేశారట. నేను చూసి తలాడించానట, పాటకి తలాడిస్తూ. ఆ వరసలో పనిచేసే వాళ్ళందరికీ పిల్లలున్నారు.

మర్నాడు సునీత స్కూలుకి సెలవు పెట్టి నన్ను నందిగామలో ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమె చెవుల్లోకి లైటు వేసి చూసి, ఇనప కడ్డీ లాంటి ట్యూనింగ్ ఫోర్కు మోగించి చెవి దగ్గరా చెవి వెనకా పెట్టి వినపడుతోందా అని అడిగింది. గులిమి లేదు, కర్ణభేరి పొర బాగానే ఉందని చెప్పి, ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయించుకురమ్మని బెజవాడ రాసిచ్చింది.

అక్కడ అద్దాల గదిలో కూర్చోబెట్టి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించి చేతికో బటన్ ఇచ్చారు. సౌండు వినపడినప్పుడల్లా నొక్కాలి. ఆ గదిలో తలుపేస్తే బయటి చప్పుడేదీ రాదు. నాకు మాత్రం నా ఈల రెట్టింపైంది. పరీక్షలో తప్పుతానేమోనన్న భయంతో అనుమానం వచ్చినప్పుడల్లా నొక్కేశాను. పరీక్ష చేసే అమ్మాయి తలుపు తీసి, "నేను సౌండ్ ఇవ్వకుండానే నొక్కేస్తున్నారండి. లోపల ఏమన్నా మోగుతోందా మీకు?" అని అడిగింది. అవునన్నాను. అలాంటివాళ్ళు చాలామంది వస్తారని చెప్పి, ఆగి ఆగి వచ్చే సౌండు పెట్టి మొదటి నుంచి మళ్ళీ చేసింది. నాలాంటి వాళ్ళు చాలామంది ఉన్నారన్న మాట ఆ రోజు నాకు మందులా పనిచేసింది.

ఆ పరీక్ష గ్రాఫు ఆడియోగ్రామ్‌లో గీత మొదట్లో తిన్నగా వెళ్ళి, సన్నటి శబ్దాలుండే నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర గుంటలో పడినట్టు దిగిపోయింది. డాక్టరమ్మ ఆ గుంట మీద వేలు పెట్టి సెన్సరీ న్యూరల్ లాస్ అంది, అంటే చెవి నరం దెబ్బతిని వినికిడి తగ్గడమట, చెవుల్లో ఈలని టినిటస్ అంటారంది. నేను నా కాపలా సంగతి చెప్పుకున్నాను. ఆమె నవ్వలేదు.

"మిల్లు మోతని మీ ఇయర్‌ఫోన్లు ఏదో కొంచెం ఆపుంటాయి. ఆపినదానికంటే ఎక్కువ మోత మీరు పాటతో లోపలికి పంపారు. పాటైనా మిషనైనా చెవి నరానికి తేడా తెలీదండి."

మందులతో పోతుందా అని అడిగాను. పోయిన నరకణాలు తిరిగి రావనీ, కానీ ఉన్న నష్టమంతా శాశ్వతం కాకపోవచ్చనీ, అలిసిపోయిన భాగం విశ్రాంతితో కొంత కోలుకోవచ్చనీ చెప్పింది. ఎంతన్నది ఇప్పుడే చెప్పలేనంది. మోతకి దూరంగా ఉండాలి, ఇయర్‌ఫోన్లు పూర్తిగా మానాలి, కొన్ని వారాలయ్యాక మళ్ళీ ఆడియోగ్రామ్. అంతే ట్రీట్‌మెంటు. ఇంజెక్షనైనా లేకుండా పంపించేసిందని బస్సులో సునీత దగ్గర విసుక్కున్నాను.

మిల్లు ఓనరు నన్ను తీసెయ్యలేదు. గేటు దగ్గర కాటా మీద కూర్చోబెట్టాడు. పత్తి లోడుతో వచ్చిన ట్రాక్టర్లు తూకం వేయించడం నా పని. మంచి పనే, నీడపట్టు పని. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. ఫిట్టరు కాటా మీద కూర్చోవడమంటే వంటమనిషిని విస్తళ్ళు లెక్కపెట్టమన్నట్టే. పాటల్లేవు, పనీ లేదు, చెవుల్లో ఈల మాత్రం ఉంది. చుట్టూ నిశ్శబ్దమైన కొద్దీ అది పెద్దదయ్యేది. నిద్ర పట్టేది కాదు. చిన్నదానికీ పెద్దదానికీ పాప మీద అరిచేవాణ్ణి. ఆ రోజుల్లో నాతో కాపురం చేసినందుకు సునీతకి దండం పెట్టాలి. నిద్ర సంగతి డాక్టరమ్మకి చెప్పింది కూడా ఆమే. గదిలో ఫ్యాను చప్పుడో, సన్నటి సంగీతమో ఉంచుకుంటే టినిటస్ వెనక్కి తగ్గుతుందనీ, దాన్ని వింటూ కూర్చుంటే పెరుగుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. ఫ్యాను కింద పడుకుని దానితో పోట్లాడటం మానేశాను. నెమ్మదిగా నిద్ర వచ్చింది.

రెండో ఆడియోగ్రామ్‌లో కుడి చెవి గుంట కొంత పూడింది. ఎడమది దాదాపు అలాగే ఉంది. సగం గెలిచినట్టా ఓడినట్టా తెలియలేదు. ఇంక జన్మలో కీచు పట్టలేనని మాత్రం అనిపించింది. మర్నాడు టీ వేళకి మస్తాన్ బాబాయ్ కాటా దగ్గరికొచ్చాడు. మామూలుగా ఆయన మనిషికి ఒక మాట చొప్పున మాట్లాడతాడు. ఆ రోజు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"రేపట్నుంచి లోపలికి రా" అన్నాడు.

"చెవి పూర్తిగా రాలేదు బాబాయ్. మళ్ళీ ఏదన్నా అయితే?"

"నాకు మాత్రం ఉందేంట్రా చెవి? బేరింగు కీచు వినపడి ఎన్నో ఏళ్ళయింది నాకు. నువ్వు మాట్లాడతా ఉంటే నీ మూతి చూసి అర్థం చేసుకుంటున్నా."

అందుకే ఎవరితోనూ మాటలు పెంచుకోడన్నమాట. మేమంతా ఆయనది ముభావమనుకున్నాం. మరి ఆ రోజు బేరింగు సంగతి ఎలా తెలిసిందని అడిగితే, వాసన వచ్చిందన్నాడు. మామూలుగా అయితే చెయ్యి చెబుతుందట. మిషన్ల పక్కన నడుస్తూ బేరింగు డబ్బా మీద వేళ్ళ వెనక వైపు ఆనిస్తాడు. అదురు మారినా, వేడి మారినా అక్కడే తెలుస్తుంది. ఏళ్ళ తరబడి ఆయన ప్రతి మిషన్‌నీ నిమురుతూ తిరగడం చూసి ప్రేమ అనుకున్నాను నేను. ఈ సంగతి ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే, పనిలోంచి తీసేస్తారని భయం అన్నాడు. ఆయన చెవుల్లో దూది ఉండలు ఆ రోజు నాకు వేరేగా కనపడ్డాయి. దూది మోతని ఆపదని డాక్టరమ్మ అంతకుముందే చెప్పింది. నా ఫోను నాకెంత కాపలా కాసిందో ఆయన దూదీ ఆయనకంతే కాసింది.

డాక్టరమ్మని అడిగి, బెజవాడలో చెవులు మొత్తం మూసే ఇయర్ మఫ్స్ కొనుక్కుని మళ్ళీ హాల్లోకి వెళ్ళాను. మొదట్లో అందరూ విమానం నడుపుతున్నావా అని ఏడిపించారు. చిత్రమేమిటంటే మఫ్స్ లోంచి కూడా బేరింగు కీచు, బాగా గట్టిగా ఉంటే, నా కుడి చెవికి అందుతోంది. అందనప్పుడు చెయ్యి ఉంది. బాబాయ్ వెనకే తిరిగి వేళ్ళు ఆనించడం నేర్చుకున్నాను. ఆ సీజన్ చివర్లో ఒక బేరింగుని కీచుమనకముందే పట్టుకున్నాను. బాబాయ్ తను కూడా తడిమి చూసి తలాడించాడు. ఆ రోజు ఇంటికెళ్ళి సునీతకి ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు.

ఇప్పుడు ఫోన్లో పాటలు ఇంట్లోనే, చిన్న స్పీకర్లో, తగ్గించి. ఇదివరకు నా పాటలు నాకొక్కడికే. ఇప్పుడు పాప ఒకటి పెట్టమంటుంది, సునీత ఒకటి తీసెయ్యమంటుంది, గొడవ పడి వింటాం. చిడతలు కొంచెం మసగ్గానే వినపడతాయి, అవి వస్తున్నాయని పాప చెబితే నేను చెవి అటు పెడతాను. టినిటస్ పూర్తిగా పోలేదు. గుర్తు చేసుకుంటే ఉంటుంది, పనిలో పడితే ఉండదు. ఈ వ్యాసం రాస్తుంటే మాత్రం బాగా మోగుతోంది.

ఈ మధ్య మస్తాన్ బాబాయ్‌ని బతిమాలి, బామాలి బెజవాడ తీసుకెళ్ళాను. ఓనరుకి ముందే చెప్పాం. తీసేసే మాటే లేదన్నాడు, ఇన్నాళ్ళూ చెప్పనందుకు మాత్రం కోప్పడ్డాడు. బాబాయ్ సంగతి ఆయన అనుమతితోనే రాస్తున్నాను. ఇద్దరికీ ఆడియోగ్రామ్ తీశారు. బాబాయ్‌కి హియరింగ్ ఎయిడ్ పెట్టారు. గ్రాఫులు పట్టుకుని నందిగామ వచ్చాం. డాక్టరమ్మ నా కొత్త గ్రాఫు పక్కన పాతది పెట్టి చూసి, "గీత ఎక్కడుందో అక్కడే ఉందండి. వినికిడి ఏమీ తగ్గలేదు" అంది. తగ్గలేదన్న ఆ ఒక్క మాటకి కళ్ళు చెమర్చాయి. పక్కన బాబాయ్ తన చెవి వెనక మిషన్‌ని తడుముకుంటూ, ఈ పిల్లాడికంటే పదేళ్ళు ముందు నేనొచ్చుంటే నాదీ ఇలాగే ఆగేదా అని డాక్టరమ్మని అడిగాడు. ఆమె ఆగేదనే చెప్పింది. ఆయన సరేనని తలూపి నా భుజం మీద చెయ్యేసి లేచాడు.

అందుకే చదివేవాళ్ళకి ఒక్క మాట. పాటలు మానమని చెప్పను, నేనూ మానలేదు. కానీ బస్సయినా, మిల్లయినా, రోడ్డయినా, చుట్టూ ఉన్న మోత వల్ల వాల్యూమ్ పెంచాల్సి వస్తే అక్కడ పాట ఆపెయ్యండి. ఇల్లు చేరాక అదే పాట తగ్గించి వినొచ్చు.