ఢిల్లీ ఆఫీసు గోడ మీది మా అన్న

పార్టీ ఢిల్లీ ఆఫీసును నెలాఖరుకు ఖాళీ చేస్తున్నారని తెలిసి బయలుదేరాను. మా అన్న లింగయ్యకు ఉన్నది ఒక్కటే ఫోటో. భూపోరాటంలో ఆయన చనిపోయాక, అమరుల గోడకు పెడతామని మా ఇంట్లోంచి పట్టుకుపోయారు. అది చెత్తబండి ఎక్కకముందే తెచ్చుకోవాలి.

కాజీపేటలో పొద్దున ఎక్కితే మర్నాడు తొమ్మిదికి న్యూఢిల్లీ. స్లీపర్ చాలు, దుప్పటి మాత్రం మరవొద్దు. ఒకప్పుడు ఇదే దారిలో ర్యాలీకి వెళ్తే రైలంతా ఎర్రజెండాలే, టికెట్ అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఈసారి పెట్టెలో పార్టీ మనిషిని నేనొక్కదాన్నే.

మెట్రోలో మయూర్ విహార్ చేరేసరికి పదిన్నర. సొంత భవనం అమ్ముకుని ఇక్కడ అద్దె ఫ్లాటులో ఉంటున్నారు. వాచ్‌మన్‌కు పార్టీ పేరు చెబితే తెలియలేదు. ఫ్లాటు నంబరు చెప్పాను.

“అచ్ఛా, బుడ్ఢోంవాలా ఫ్లాట్,” అని చెయ్యి చూపించాడు. ముసలోళ్ళ ఫ్లాటంట. పార్టీ పేరు కంటే అదే సరిగ్గా ఉంది.

లోపల ఇద్దరున్నారు. సెక్రటరీ కృష్ణా జిల్లా ఆయన.

“తీర్మానం లేకుండా గోడ మీద మేకు కూడా కదపం కామ్రేడ్,” అన్నాడు. తీర్మానానికి ముగ్గురు కావాలి. మూడో ఆయన మోకాలి ఆపరేషన్ చేయించుకుని సాకేత్‌లో ఆసుపత్రిలో పడుకున్నాడు. నా పాత సభ్యత్వ కార్డు తీశాక నన్నే మూడో మనిషిగా కూర్చోబెట్టారు. ఫోటో కుటుంబానిదా, వర్గానిదా అని గంటన్నర వాదించుకున్నారు. ఆఖరికి ఫోటో నాకివ్వాలని చేతులెత్తాం. రెండో ఆయన తటస్థంగా ఉండిపోయాడు.

గోడ దగ్గరికి వెళ్ళాను. మా అన్న ముఖం కింద ఇంకెవరి పేరో ఉంది. లింగయ్య అన్న పేరు మీద ఎవరో మీసాలాయన. ర్యాలీకి వచ్చినప్పుడు ఇదే ఫోటోకు దండం పెట్టాను. అప్పుడు నాకు అక్షరం రాదు. యాభై దాటాక ఈ పార్టీ బడిలోనే నేర్చుకున్నాను. పుస్తకాలు రాసిన వీళ్ళు మాత్రం ఏటా దండలేస్తూ ఒక్కసారి కూడా తేడా చూడలేదు.

సెక్రటరీ మీసాలాయనను దించి నా చేతిలో పెట్టబోయాడు. “రికార్డు ప్రకారం మీ అన్న ఈయనే. తీర్మానం ఈ ఫోటోకే.”

“అయితే మళ్ళ మీటింగ్ పెట్టుకోన్రి,” అని మా అన్నను నేనే దించుకున్నాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నన్ను ఆపాలన్నా తీర్మానం కావాలి, నేను కూర్చోకపోతే దానికి మూడో మనిషి లేడు.

సాయంత్రం నాలుగు గంటల రైలు. ఎదురు సీటులో కరీంనగర్ పిల్ల, ఢిల్లీలో కలెక్టర్ పరీక్షకు చదువుతోంది. నా ఒళ్ళోని ఫోటో చూసి “ఎవరు అమ్మమ్మా?” అని అడిగింది. మా అన్న అని చెప్పి పెన్ను అడిగాను. ఫ్రేము కింద అంటించిన ఆ పరాయి పేరు చీటీ గోటితో గీకేసి, ఉత్త చెక్క మీద లింగయ్య అని రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. మనిషి మాత్రం ఆయనే.