రబ్బరు టోపీలు ఊడదీసే పైడయ్య

బిలాస్‌పూర్‌లో రైల్వే దొర కారు ఇంజను విప్పి శుభ్రం చేసేటప్పుడు పైడయ్య మిస్త్రీ ఊపిరి కూడా మెల్లగా పీల్చేవాడు. వేడికి స్పార్కు ప్లగ్గుల మీది రబ్బరు టోపీలు కరుచుకుపోయేవి. వాటికున్న తీగ పట్టుకుని లాగితే తెగిపోతుంది. అందుకని టోపీనే రెండు వేళ్లతో పట్టి, కుడికీ ఎడమకీ తిప్పుతూ, "రావే నా తల్లీ, రా" అని బతిమాలేవాడు. పన్నెండేళ్లలో ఒక్క టోపీ చిరగలేదు.

ఆ ఎండాకాలం అతని చెల్లెలు చిన్నమ్మి మొగుడు డ్యూటీ దిగి వస్తూ వడదెబ్బకు పోయాడు. పదోరోజు పొద్దున క్వార్టరు పెరట్లో ఆడవాళ్లు ఎంత లాగినా ఆమె వాచిన కాలివేలికున్న మట్టె రాలేదు.

"కత్తిరించీండి," అంది మేనత్త అచ్చియమ్మ.

"లెగండి. అలాగ లాగితే వస్తాదేటి?" అంటూ పైడయ్య ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ఆముదం రాసి, కుడికీ ఎడమకీ తిప్పాడు. "రావే నా తల్లీ, రా."

చిన్నమ్మి భోరుమని ముందుకు వంగి అన్న భుజం మీద తల వాల్చింది. అతను భుజం విదిలించాడు.

"కదలకే, పట్టు జారిపోతాది."

మట్టె వచ్చింది. పంచెతో తుడిచి, ఎండలో తిప్పి చూసుకున్నాడు.

"సూడండి, ఒక్క గీతైనా పడినాదేటి?"

అందరికీ చూపించి, చివరికి చిన్నమ్మికి కూడా చూపించాడు.