వకీలు బీరువాల మామ పండ్లు

ఇల్లు అంటువెట్టుకున్నోల్లను మీరు సూసి ఉంటరు, పెండ్లి చెడగొట్టినోల్లను సూసి ఉంటరు. మామ నోరు తీసుకపోయి బీరువాల దాసిన కోడలిని మాత్రం సూసి ఉండరు. ఆ కోడలిని నేనే. నాలుగో తరగతిల బడి మానేసినదాన్ని, ఇంత పెద్ద ఆగం చేసే తెలివి నాకు యాడికెల్లి వచ్చిందో ఇప్పటికీ సమజ్ కాదు.

మా ఆయిన ట్రాలీ ఆటో నడుపుతడు. ఇల్లు మారేటోల్ల సామాను మోసుడు ఆయిన పని. హన్మకొండల ఒక పాత బంగ్లా ఖాళీ చేస్తుంటె పోయిండు. అది ఎన్నడో కాలం చేసిన ఒక వకీలు సాబ్ బంగ్లా. ఆయిన మనవళ్లు మంచాలు, కుర్చీలు అన్నీ ఎక్కిచ్చుకొని, ఒక్క బీరువాను మాత్రం మా కొత్త ఫ్లాటుల పట్టదు, నువ్వే తీస్కపో అన్నరట. సెక్రటరీ డెస్కు అంటరట దాన్ని. సెక్రటరీ అంటె నాకు మా పొదుపు సంఘం సెక్రటరీ ఒక్కతే ఎరుక. ఆమె కంటె ఇది నయం, మూతి మూస్తె మూసుకుంటది.

నిజంగనే దానికి మూతి ఉన్నది. ముందట ఏటవాలుగ ఒక పలక. దాన్ని కిందికి దించితె రాసుకునే బల్ల అయితది. లోపల పావురాల గూళ్ల లెక్క అరలు. అరల కింద నున్నటి టేకు చెక్క, ఎడమ దిక్కు అరచేయంత సొరుగు ఒకటి. రాసుడు మాకెక్కడిది? ఒక అరల కరెంటు బిల్లులు, ఒక అరల కరివేపాకు, ఒక అరల నా కొప్పు పిన్నులు పెట్టుకున్న. వాడకట్టు ఆడోల్లంత వచ్చి సూసిపోయిండ్రు. నేను ఆ పలక దించుడు, ఎత్తుడు, దించుడు, ఎత్తుడు. రైలు గేటు కాడ కూడ అంత పని ఉండదు.

ఇగ మా మామ సంగతి. ఆయినకు పండ్లన్నీ ఊడినయి. స్టేషన్ ఘన్‌పూర్‌ల మా ఆడిబిడ్డ భారతి వదినె కొత్తిల్లు కట్టుకున్నది, యాటను కోసి దావతు పెట్టుకున్నది. వదినె మామ, అంటె మా మామకు వియ్యంకుడు, ఎప్పుడు కలిసినా ఒక్కటే ఎత్తిపొడుపు: "బావా, నీకు బొక్కలెందుకు, జర శేర్వ పోయించుకో." ఆ ఒక్క మాట కోసమే మా మామ దవాఖానల కట్టుడు పండ్లు చేయించుకున్నడు. వియ్యంకునికి ఎరుక కాకుండ పెట్టుకొని, ఆయిన పక్కకే కూసొని, మూలుగుండే నల్లి బొక్క కొరకాలె. గంతే ఆయిన కోరిక. కాని ఆ సెట్టు కొత్త చెప్పుల లెక్క కరుస్తున్నదని జరసేపు పెట్టుకునుడు, తీసి నీళ్ల గిలాసల ఏసుడు.

దావతు నాడు పొద్దుగాల గిలాస కిటికీల ఉన్నది. ఎవలన్న మంచినీళ్లనుకొని తాగుతరేమో అని నాకు ఫికరైంది. పండ్లు తీసి, మామ గళ్ల రుమాలు గుడ్డల సుట్టి, బీరువాల ఆ చిన్న సొరుగుల పెట్టి నూకిన. సొరుగు బిర్రుగున్నది. బిర్రుగుంటె నేను ఊకుంటనా? మోకాలు పెట్టి నూకిన. లోపల యాడనో 'టక్' అన్నది. సొరుగు లోపలికి పోయింది, దాని ముందట ఒక చెక్క దిగింది. ఇగ సూస్తె ఎడమ దిక్కు, కుడి దిక్కు ఒకటే తీరు నున్నగ. ఆడ సొరుగు ఉండె అంటె నేనే నమ్మ.

"సరోజా, గిలాసల నా పండ్లేవి బిడ్డా?"

"భద్రంగ పెట్టిన మామా."

"యాడ?"

"బీరువాల."

"తియ్యి మరి, టైమైతాంది."

"అదే మామా, భద్రం జర ఎక్కువైంది."

మా ఆయిన వచ్చి గోర్లతోని గీరిండు, గుద్దిండు, చెవి ఆనించి ఇన్నడు. వకీళ్లు కాయితాలు దాసుకునేటందుకు ఇసొంటి దొంగ సొరుగులు చేయించుకునేటోల్లట, లోపల స్ప్రింగు ఉంటదట. గొడ్డలి తెస్తా అన్నడు. నేను బీరువాను కావలించుకున్న. మా మామ గోడకు ఒరిగి, "నా పండ్లు యాడుంటె నేనాడ. నేను రాను" అని కూసున్నడు. శనగలున్ననాడు పండ్లుండవు, పండ్లున్ననాడు శనగలుండవు అంటరు. మా మామకు పండ్లూ ఉన్నయి, యాటా ఉన్నది. నడుమ టేకు చెక్క ఉన్నది.

ఆఖరుకు మా ఆయినే ఉపాయం చెప్పిండు. బీరువాను ట్రాలీల ఏసుకొని పోదాం, తొవ్వల గుంతలల్ల ఎగిరి స్ప్రింగు అదే ఊడుతది అన్నడు. మా మామ బీరువా పక్కన కూసొని, కడుపుతోని ఉన్న బర్రె మీద చెయ్యేసినట్టు దాని మీద చెయ్యేసి కూసున్నడు. ఏండ్ల సంది నడుములు ఇరగ్గొట్టిన ఆ రోడ్డు ఆ వారమే కొత్తగ ఏసిండ్రు. అద్దం లెక్క ఉన్నది. ఘన్‌పూర్ దాక ఒక్క గుంత లేదు. రోడ్డు మంచిగున్నదని సర్కారును తిట్టింది మేమే కావచ్చు.

వదినె ఇంటి ముందట ఆగినమో లేదో, ఆమె ఉరికొచ్చింది. "మా తమ్ముడు బీరువా తెచ్చిండు" అని వాడంత ఇనవడేటట్టు చెప్పుకుంట, పసుపు కుంకుమ పెట్టేసింది. కొత్తింటి కాడ పసుపు కుంకుమ పడ్డ వస్తువు ఎన్కకు పోతదా? ఇది నీకు కాదు వదినె, మామ పండ్లు ఎక్కి వచ్చిన బండి అని వియ్యంకుని ముందట ఎట్ల చెప్పాలె? మా ఆయిన నన్ను సూసిండు. నేను ఆకాశాన్ని సూసిన.

నలుగురు మోసి లోపల పెడుతుంటె కాలు గడపకు తగిలి బీరువా దబ్బున కూసున్నది. పలక తెరుసుకున్నది, లోపల కుడి దిక్కు ఒక సొరుగు బయిటికి వచ్చింది. పండ్లు. మా మామ గద్ద కోడిపిల్లను ఎత్తుకపోయినట్టు ఎత్తుకపోయిండు. నల్ల కాడ కడిగి, నోట్లె ఏసుకొని, పెండ్లికొడుకు లెక్క నడుసుకుంట వచ్చిండు. నేను పెట్టింది ఎడమ దిక్కు గదా అన్న సోయి ఆ సంబురంల ఎవలికుంటది?

అన్నాల బంతిల కూసున్నరు. వియ్యంకుడు మొదలుపెట్టిండు, "బావా, శేర్వ పోయమంటనా?" మా మామ నల్లి బొక్క తీసుకొని పటుక్కున కొరికిండు. వియ్యంకుని చేతిల ముద్ద చేతిలనే ఆగింది. "ఇయ్యాల ఈ పండ్లు కరుస్తనే లేవు బిడ్డా, ఎన్నపూస లెక్క కూసున్నయి" అని మా మామ నా చెవిల చెప్తె, నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

అప్పుడే వదినె ఆడోల్లకు బీరువా సూపెట్టుకుంట పలక దించి, ఎత్తి, సందూక లెక్క దడేల్‌న మూసి, మల్ల తెరిసింది. ఎడమ దిక్కు సొరుగు బయిటికి వచ్చింది. అండ్ల గుడ్డ. గుడ్డల పండ్లు.

వియ్యంకుడు బీరువాను సూసిండు, మా మామ నోరు సూసిండు, మల్ల బీరువాను సూసిండు.

"బావా, ఆ గుడ్డ నీ గళ్ల రుమాలే. మరి నీ నోట్లె ఉన్నయి ఎవలియి?"

నాకు వకీలు సాబ్ యాదికొచ్చిండు. మా ఆయినకు కూడ యాదికొచ్చినట్టుంది, అన్నం ఇడిచిపెట్టి లేసి పోయిండు. మా మామ మాత్రం బొక్కల ఉన్న మూలుగ ఆఖరు దాక పీల్చి, మూతి తుడుసుకొని, నిమ్మళంగ అన్నడు:

"దున్నెటోనిదే భూమి అన్నరు. కొరికెటోనియే పండ్లు."

వియ్యంకుడు తలకాయ దించి శేర్వ పోయించుకున్నడు.

బీరువా ఆడనే ఉండిపోయింది, ఖాళీ ట్రాలీల ఏడ్సుకుంట వచ్చిన. మామ మాత్రం ఆ పండ్లు ఇడువలే. ఉప్పునీళ్లల్ల మసలబెట్టి ఇచ్చిన, అయే పెట్టుకుంటున్నడు. అప్పటిసంది ఆయినతోని వాదం పెట్టుకొని గెలిసినోడు మా వాడకట్టుల లేడు.

అందుకే మీ అందరి ముందట ఒట్టేస్తున్న. ఈ జన్మల మల్ల ఇంకొకల నోరు ముట్ట, బిర్రుగున్న సొరుగు నూక, ఎవల వస్తువునూ భద్రంగ పెట్ట. ఈ మాట మొన్న మా మామ కాడ కూడ అన్న. ఆయిన పండ్లు సరిజేసుకొని అన్నడు: "ఉత్త ఒట్టు చెల్లది బిడ్డా. సాచ్చెం ఎవలు?"