పులి ఇంటి విందు

మా తోటికోడలు తన కొత్త ఇంటి గృహప్రవేశానికి వీధిలో అందరినీ బొట్టు పెట్టి పిలిచింది. నన్ను మాత్రం ఫోన్లో పిలిచింది. చీరలకు రెండుసార్లు నరసన్నపేట వెళ్లడానికి తీరికుంది గానీ, నాలుగిళ్ల అవతల ఉన్న మా గుమ్మానికి రావడానికి లేదట. నేను వెళ్లలేదు. మూడేళ్లయినా మరిచిపోలేదు.

ఆమె కూతురు మాత్రం రోజూ వచ్చేది. ఎనిమిదేళ్లది. మా టీవీ పెద్దది కదా. ఎప్పుడూ ఒకటే బొమ్మల సినిమా పెట్టమనేది. అందులో జంతువులన్నీ కలిసి ఒక ఊరు కట్టుకుంటాయి. ఏ ఇంటికీ తాళం ఉండదు. శ్రీకూర్మం గుడిలో ఉండేలాంటి ముసలి తాబేలు ఆ ఊరికి పెద్ద. పులి విందు చేస్తే జింకలు కూడా వెళ్లి కూర్చుంటాయి. అక్కడికి వచ్చేసరికి పిల్ల చేతిలో జంతిక చేతిలోనే ఉండిపోయేది. చిక్కుళ్లు వలుస్తూ నేనూ ఒక కన్ను అటు వేసేదాన్ని.

ఒకరోజు ఆ విందు మధ్యలో నా వైపు తిరిగింది.

"సూడు పెద్దమ్మా, పులి ఎవరికీ బొట్టెట్టలేదు. అయినా అందరూ ఎల్లిపోనారు. మరి నువ్వు మా ఇంటికి ఎందుకు రావు?"

తల్లి నేర్పి పంపిందనుకున్నాను.

"ఒసే, అది బొమ్మల పులే. నిజం పులైతే విందయ్యాక జింకపిల్లని తినేస్తాది. గుమ్మంలో నవ్వుతన్నాది సూడు, దాన్నే ముందు. మీ అమ్మ పిలిస్తే పరిగెత్తుకొచ్చేడానికి నేనేటి, జింకనా?"

పిల్ల సినిమా అవకుండానే చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. వారమైనా రాలేదు. తల్లే ఆపిందనుకుని ఆ కోపం కూడా ఆమె మీదే పెట్టుకున్నాను.

పదో రోజున పిల్లని పిలవడానికి కుంకుమ భరిణె పట్టుకుని బయలుదేరాను. పిలవడమంటే ఎలాగో ఆమెకు చూపించాలని కూడా ఉంది, అబద్ధమెందుకు. ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదలు. తోటికోడలు చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"రా అక్కా, కూకో."

నేను కూర్చోలేదు. పిల్లకు బొట్టు పెట్టి, "సినిమా ఏస్తాను, రావే" అన్నాను.

"రాను పెద్దమ్మా."

"మీ అమ్మ ఒద్దన్నాదేటి?"

"అమ్మ ఎళ్లమనే సెప్తంది. నాకే, ఆ జింకపిల్ల నవ్వితే బయమేస్తన్నాది."

"ఏ జింకే?" అంది తోటికోడలు, నా వైపు చూస్తూ.

ఆమె నాకు చేసింది మూడేళ్లుగా ఊరంతా చెప్పుకున్నదాన్ని. నేను చేసింది చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. భరిణె మూత పెడుతూ అక్కడే నిలబడ్డాను.